పాత పికప్‌కు క్లచ్ సెట్ మార్చడం ఎలా

మిర్చి కోతలు అయిపోయి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు తిరగడం మొదలైతే చాలు, నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ కాలు గుంజుతుంది. ఈ బండికి ఆటోమేటిక్ గేరు పెట్టించరాదా?" నర్సంపేట నుంచి అడుగుతారు, పరకాల నుంచి అడుగుతారు, మొన్న మహబూబాబాద్ నుంచి ఒకాయన ముప్పావు గంట అదే మాట్లాడాడు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకసారి పూర్తిగా రాస్తున్నాను.

ఆటోమేటిక్ సంగతి ముందు తేల్చేద్దాం. అది గేర్ బాక్స్ ఒక్కటి మారిస్తే అయిపోయే పని కాదు. ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, తీసేసి పలచని ఫ్లెక్స్ ప్లేట్ వేయాలి, దానికి క్లచ్ బదులు పని చేసే టార్క్ కన్వర్టర్ రావాలి, ఆయిల్ చల్లబడటానికి వేరే కూలర్, పైపులు కావాలి. బాక్స్ నుంచి వెనక చక్రాలకు తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కొత్త కొలతకు కోయించి బ్యాలెన్స్ చేయించాలి. బాక్స్‌ను మోసే అడ్డ దూలం, క్రాస్ మెంబర్, కొత్తగా తయారు చేయించాలి. పాత రకం ఆటోమేటిక్ బాక్సుల్లో కొన్ని ఇంజిన్ వాక్యూమ్‌ను బట్టి గేరు మారుస్తాయి. మన పాత డీజిల్ ఇంజిన్ల ఇన్‌టేక్‌లో ఆ వాక్యూమ్ ఉండదు. కొత్త రకం బాక్సులేమో కంప్యూటర్ లేకుండా పని చేయవు. వీటన్నిటికీ మించి చట్టం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. వైకల్యం ఉన్నవాళ్లు తమకు అనుకూలంగా బండి మార్చించుకునే దారి చట్టంలోనే ఉంది. ఆ అవసరం ఉన్నవాళ్లు ఒక్క బోల్టు కూడా విప్పకముందే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి.

మిగతావాళ్లకు నేను చెప్పేది ఇది: బాగున్న క్లచ్ కాలు నొప్పి పెట్టదు. క్లచ్ ప్లేట్ మీది రాపిడి పొర, అంటే లైనింగ్, అరిగేకొద్దీ ఆ ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు అదిమే ప్రెషర్ ప్లేట్ ఫింగర్లు వెనక్కి లేస్తాయి, పెడల్ బరువెక్కుతుంది. ఆ ఫింగర్లను నొక్కే రిలీజ్ బేరింగ్ జారే చోట గ్రీజు ఎండిపోయి ఉంటుంది, బేరింగ్‌ను నెట్టే ఫోర్క్ ఆడే చోట గుంత పడి ఉంటుంది. ఇది నెలల తరబడి కొంచెం కొంచెంగా జరుగుతుంది కాబట్టి డ్రైవర్‌కు తెలియదు, "ఈ బండి క్లచ్ ఇంతే" అనుకుంటాడు. సెట్ మొత్తం సరిగా మారిస్తే అదే బండి అరచేత్తో నొక్కినా పెడల్ దిగుతుంది. నేను అలాంటివి ఎన్నో చూశాను.

ఇక్కడ రాసింది బొలెరో పికప్, టాటా 207 లాంటి బండ్ల కోసం, అంటే ఇంజిన్, గేర్ బాక్స్ ఒకదాని వెనక ఒకటి బండి పొడవునా ఉండి వెనక చక్రాలు తిరిగేవాటి కోసం. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న పాత జీపు అయితే ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు షాఫ్ట్ కూడా దించాల్సి వస్తుంది. బరువు చాలా పెరుగుతుంది కాబట్టి మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి వెళ్లకండి.

గేర్ బాక్స్ దించే ముందు: అసలు అవసరమా?

ఇక్కడ తొందరపడకండి. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ముందు జబ్బు ఏమిటో తెలుసుకోండి.

ఇంజిన్ రేస్ అవుతుంది కానీ బండి లాగడం లేదు, ముఖ్యంగా లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు. ఇది క్లచ్ జారడం. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. చదును నేల మీద, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, కుడి కాలితో బ్రేక్ తొక్కి, మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ దడదడమని ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేట్ పోయినట్టే. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, మళ్లీ మళ్లీ చేస్తే ఉన్న లైనింగ్ కూడా కాలిపోతుంది.

గేరు పడటం లేదు, రివర్స్ వేస్తే గర్రుమంటుంది. దీనికి ప్లేట్ కారణం కావచ్చు, కాకపోవచ్చు. క్లచ్ ఆయిల్ డబ్బా చూడండి. మట్టం తగ్గి ఉంటే ఎక్కడో లీకు ఉంది. డ్యాష్‌బోర్డు కింద పెడల్ దగ్గర, ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ తడిగా ఉందా? బండి కింద, ఆ ఆయిల్‌తో ఫోర్క్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు వెనక్కి మడిచి చూడండి, లోపల తడి ఉందా? రెండు మూడుసార్లు పంప్ చేసినట్టు తొక్కితే గేరు పడుతుందా? పడితే తప్పు ఆయిల్ లైన్‌లో ఉంది. గేర్ బాక్స్ జోలికి పోకండి.

పని నేర్చుకునే రోజుల్లో నేను ఈ తప్పు చేశాను. గేరు పడటం లేదని ఒక పికప్‌కు బాక్స్ దించి, క్లచ్ సెట్ కొత్తది వేసి, మళ్లీ ఎక్కించాను. గేరు పడలేదు. స్లేవ్ సిలిండర్‌కు వెళ్లే రబ్బరు హోస్ లోపల ఉబ్బిపోయి దారి మూసుకుపోయిందని తర్వాత తెలిసింది. ఆ బండి యజమాని పాత ప్లేట్ ఇంకా ఒక ఏడాది తిరిగేదే. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ముందు హోస్ చూడమంటాను.

పెడల్ తొక్కితే కీచుమనే శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్. పెడల్ వదిలి న్యూట్రల్‌లో ఉన్నప్పుడు గరగర వచ్చి, తొక్కగానే ఆగిపోతే గేర్ బాక్స్ ముందు షాఫ్ట్ బేరింగ్. రెండోది క్లచ్ సెట్ మారిస్తే పోదు, బాక్స్ విప్పాల్సిందే.

బండి కదిలేటప్పుడు వణుకుతుంటే ప్లేట్‌కు ఆయిల్ అంటి ఉండొచ్చు. ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు తెగినా ఇలాగే వణుకుతుంది, కాబట్టి అవి కూడా చూడండి.

కావలసినవి

సామాను:

- ప్రెషర్ ప్లేట్, క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్. మూడూ ఒకే సెట్‌గా.
- స్పిగాట్ బేరింగ్. ఇది ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ చివర, ఫ్లైవీల్ మధ్యలో ఉండే చిన్న బేరింగ్. చాలామంది మర్చిపోయేది ఇదే.
- గేర్ బాక్స్ ముందు ఆయిల్ సీల్. క్రాంక్ వెనక సీల్ కూడా తెచ్చి పెట్టుకోండి, అవసరం లేకపోతే తిరిగి ఇవ్వవచ్చు.
- గేర్ ఆయిల్, మీ బండి పుస్తకంలో రాసిన గ్రేడ్, రాసినంత.
- క్లచ్‌కు బ్రేక్ ఆయిల్ అర లీటరు, క్లచ్ ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉన్న రకం, డాట్ 3 లేదా డాట్ 4. కొత్త సీసా మూత తీయనిదే కొనండి, తెరిచి పెట్టిన ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది.
- వేడికి కరగని గ్రీజు, బ్రేక్ క్లీనర్ స్ప్రే రెండు డబ్బాలు, ఉతికిన కాటన్ గుడ్డలు.

పనిముట్లు:

- స్పానర్లు, సాకెట్ సెట్, పొడవైన ఎక్స్‌టెన్షన్ రాడ్.
- టార్క్ రెంచ్. కొనక్కర్లేదు, తెలిసిన షాపులో ఒక రోజుకు అడిగి తెచ్చుకోండి.
- జాకీలు రెండు, గట్టి స్టాండ్లు నాలుగు. గేర్ బాక్స్ దించడానికి ట్రాలీ జాకీ.
- స్టీలు స్కేలు, ఫీలర్ గేజ్.
- ప్లేట్ సెంటర్ చేసే గుజ్జ, అంటే ప్లేట్‌ను సరిగ్గా మధ్యలో నిలిపే కడ్డీ. పాత గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకటి స్క్రాప్‌లో దొరికితే అంతకంటే మంచిది లేదు. వరంగల్ ఆటోనగర్‌లో అడిగితే లేత్ మీద నైలాన్‌తో కూడా చేసిస్తారు.
- మాస్కు, కళ్లద్దాలు, తెల్ల పెయింట్ పెన్ను, ఫోన్.

సెట్ కొనేటప్పుడు బండి పేరు చెప్పి కొనేయకండి. ఒకే బండికి ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి ప్లేట్ సైజు మారుతుంది. వీలైతే పాతది దించాక దాన్నే చేతిలో పట్టుకుని షాపుకు వెళ్లండి. బయటి వ్యాసం, మధ్యలో పళ్ల లెక్క, ప్రెషర్ ప్లేట్ బోల్టు రంధ్రాల దూరం మూడూ పోల్చండి. కొత్త ప్లేట్‌ను మీ షాఫ్ట్ మీద ఎక్కించి చూసే దాకా బండికి ఎక్కించకండి.

మొదటిసారి అయితే ఇద్దరికి పొద్దున నుంచి సాయంత్రం దాకా పడుతుంది. లేత్ పని ఉంటే రెండో రోజు కూడా. ఆదివారం లేత్‌లు మూసి ఉంటాయి కాబట్టి శనివారం సాయంత్రం మొదలుపెట్టకండి.

పని

1. బండిని సిమెంటు నేల మీద నిలపండి. ముందు చక్రాలకు రెండు వైపులా కట్టె మొద్దులు పెట్టండి. పైకెత్తాక స్టాండ్లు చాసిస్ కింద పెట్టి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు పెట్టకండి, అవి బరువుకు ఒక్కసారిగా పగిలిపోతాయి. స్టాండ్లు దొరక్కపోతే గుంత ఉన్న వాషింగ్ సెంటర్ ఒక రోజుకు కిరాయికి మాట్లాడుకోండి. ప్రాణానికి సంబంధించిన ఈ ఒక్క చోట సర్దుకోవద్దు.

2. బ్యాటరీ నెగెటివ్ తీగ తీయండి. లోపల గేర్ లివర్ బూటు, లివర్ తీసి రంధ్రంలో గుడ్డ కుక్కండి.

3. గేర్ ఆయిల్ తీసే ముందు, పక్కన ఉండే నింపే ప్లగ్ విప్పి చూడండి. అది ఊడి వచ్చాకే కింది ప్లగ్ తీయాలి. కింది నుంచి ఆయిల్ అంతా తీసేశాక పై ప్లగ్ బిగుసుకుపోయి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది.

4. ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర బోల్టులు పట్టే ఫ్లాంజ్‌లు రెండింటి మీదా పెయింట్ గీత పెట్టి ఆ తర్వాత బోల్టులు తీయండి. గీత లేకుండా అటూ ఇటూ తిప్పి బిగిస్తే బండి 60 దాటగానే వణుకు మొదలవుతుంది, తప్పు క్లచ్ మీదికి పోతుంది. షాఫ్ట్ కీళ్లలోని క్రాస్‌లు చేత్తో తిప్పి చూడండి, పట్టేసినట్టున్నా ఆడుతున్నా ఇప్పుడే మార్చండి.

5. స్లేవ్ సిలిండర్ రెండు బోల్టులు తీసి, పైపు విప్పకుండానే పక్కకు కట్టేయండి. పైపు విప్పకపోతే గాలి దూరదు. కానీ ఆ తర్వాత ఎవరూ పెడల్ తొక్కకూడదు, తొక్కితే పిస్టన్ బయటికి వస్తుంది. పెడల్ మీద కాగితం అంటించి రాయండి. తీగతో లాగే క్లచ్ అయితే తీగ ఊడదీసి, లోపల తుప్పు, తెగిన పోగులు ఉన్నాయేమో చూడండి. అలా ఉన్న తీగను తిరిగి వేయకండి.

6. స్టార్టర్ మోటార్, రివర్స్ లైటు వైరు, స్పీడోమీటర్ తీగ తీయండి. ప్రతిదీ తీయకముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

7. ఇంజిన్ కింద జాకీ పెట్టండి, మధ్యలో వెడల్పు చెక్క ముక్క ఉండాలి. ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి, అంటే సంప్, మధ్య పలచని రేకు మీద పెడితే లోపలికి నొక్కుకుపోతుంది, వెనక అంచు దగ్గర పెట్టండి. జాకీ లేకుండా క్రాస్ మెంబర్ తీస్తే ఇంజిన్ వెనక్కి వాలి, ముందు ఫ్యాన్ వెళ్లి రేడియేటర్‌కు తగులుతుంది. వాలుతున్నప్పుడు పైన హోస్‌లు బిగుసుకుంటున్నాయా అని ఒకరు పైనుంచి చూడాలి.

8. గేర్ బాక్స్ కింద ట్రాలీ జాకీ ఆనించి, క్రాస్ మెంబర్ తీసి, బెల్ హౌసింగ్ (బాక్స్ ముందు క్లచ్‌ను కప్పే గంట లాంటి భాగం) బోల్టులు తీయండి. ఇవి అన్నీ ఒకే పొడవు ఉండవు. అట్ట ముక్క మీద గంటలా బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పై రెండు బోల్టులు అందవు, పొడవైన ఎక్స్‌టెన్షన్ ఆ రెండింటి కోసమే. గేర్ బాక్స్‌ను జాకీ మీద నిలిపి, నేరుగా వెనక్కి లాగండి. కిందికి వేలాడనివ్వకండి. దాని బరువు ఒక మనిషి ఆపగలిగేది కాదు. చేతులతో దించబోయి వేళ్లు నలిపించుకున్నవాళ్లను చూశాను.

9. ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఒకటి ఇటు, ఒకటి అటు, ఒక్కోటి సగం చుట్టు చొప్పున వదులు చేయండి. ఒకే వైపు అన్నీ విప్పితే ప్లేట్ వంకర పోతుంది. లోపలి నల్ల దుమ్మును గాలి పైపుతో ఊదొద్దు. పాత లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. మాస్కు పెట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్‌లో కట్టి పడేయండి.

10. ఇక్కడ కూర్చుని తీరిగ్గా చూడండి. పాత సామాను మొత్తం కథ చెబుతుంది.

ప్లేట్ లైనింగ్ రివిట్ల తలల దాకా అరిగిందా? 0.3 ఎంఎం కంటే తక్కువ మిగిలితే అది అయిపోయినట్టే. ఒకవైపే ఎక్కువ అరిగితే ఫ్లైవీల్ చదునుగా లేకపోవచ్చు. ఆయిల్ తడి ఉంటే, ఆ ఆయిల్ ఎక్కడిదో కనుక్కోకుండా కొత్త ప్లేట్ వేయొద్దు. నల్లగా ఉంటే ఇంజిన్‌ది, క్రాంక్ వెనక సీల్ పోయింది. చిక్కగా, ఘాటుగా వాసన వస్తే గేర్ ఆయిల్, బాక్స్ ముందు సీల్ పోయింది. చిన్న సీల్ దగ్గర పొదుపు చేసి వేల రూపాయల సెట్ పాడు చేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు అంటే వేడెక్కింది. గోరుకు తగిలేంత గాడి, వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉన్నాయా? స్టీలు స్కేలును నిలువుగా, అడ్డంగా పెట్టి కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడండి. నీలి మచ్చ, కొద్దిపాటి గాడి ఉంటే లేత్ మీద ఫేసింగ్ చేయించండి, అంటే పైముఖం చదును చేయించండి. పగుళ్లు లోతుగా ఉంటే మార్చడమే. ఫ్లైవీల్ తీసే ముందు క్రాంక్ మీద, దాని మీద గీత పెట్టండి. లేత్ ఆయనకు ఒక మాట తప్పకుండా చెప్పండి: కొన్ని ఫ్లైవీల్‌లలో ప్లేట్ ఆనే చోటు, ప్రెషర్ ప్లేట్ బిగించే చోటు రెండు వేర్వేరు మెట్లుగా ఉంటాయి. ఒక మెట్టు ఎంత తీస్తే రెండో మెట్టు కూడా అంతే తీయాలి. లోపలి మెట్టు ఒక్కటే తీస్తే ప్రెషర్ తగ్గి, కొత్త ప్లేట్ మొదటి రోజు నుంచే జారుతుంది. ఫ్లైవీల్ బోల్టులు తిరిగి వేసేటప్పుడు బిగింపు పుస్తకంలో చూసే చేయండి, అందాజుగా వద్దు.

స్పిగాట్ బేరింగ్ తీయడానికి పుల్లర్ లేకపోతే, దాని వెనక ఖాళీ నిండా గ్రీజు దట్టించి, రంధ్రానికి సరిగ్గా పట్టే రాడ్డు పెట్టి సుత్తితో కొట్టండి. గ్రీజే వెనక నుంచి బేరింగ్‌ను బయటికి నెడుతుంది. తర్వాత ఆ గ్రీజు చుక్క లేకుండా తుడవాలి. ఫోర్క్ కింద ఉండే గుండు అరిగి గుంత పడితే అది కూడా మార్చండి. పెడల్ బరువుకు సగం కారణం అక్కడే ఉంటుంది, చాలామంది చూడరు.

11. ఫ్లైవీల్, కొత్త ప్రెషర్ ప్లేట్ ముఖాలను బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. కొత్త ప్లేట్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, అది పోవాలి. డీజిల్‌తో, కిరోసిన్‌తో తుడవకండి. అవి ఆరినా జిడ్డు మిగులుతుంది, బండి కదిలినప్పుడల్లా వణుకుతుంది. లైనింగ్‌ను జిడ్డు చేత్తో ముట్టొద్దు.

షాఫ్ట్ పళ్ల మీద గ్రీజు గోరంత పూసి, ప్లేట్‌ను ఎక్కించి దించి, మిగిలింది తుడిచేయండి. ఎక్కువ పూస్తే తిరిగేటప్పుడు ఎగిరి లైనింగ్ మీద పడుతుంది. రిలీజ్ బేరింగ్ జారే గొట్టం మీద, ఫోర్క్ గుండు మీద కూడా కొంచెం. రిలీజ్ బేరింగ్‌ను పెట్రోల్‌లో కడగకండి, లోపలి గ్రీజు పోతుంది.

12. ప్లేట్ ఏ వైపు పెట్టాలో ఎక్కువగా దాని మీదే రాసి ఉంటుంది. మామూలుగా స్ప్రింగులు ఉబ్బి ఉండే వైపు గేర్ బాక్స్ వైపుకు వస్తుంది. అనుమానం ఉంటే ప్లేట్‌ను ఫ్లైవీల్‌కు ఆనించి చేత్తో తిప్పండి, మధ్య భాగం ఫ్లైవీల్ బోల్టులకు తగిలితే తిరగేసి పట్టుకున్నట్టు. సెంటర్ గుజ్జ పెట్టి, ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. పుస్తకంలో లెక్క దొరకకపోతే, 8.8 అని తల మీద రాసి ఉన్న 8 ఎంఎం బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు. అన్నీ బిగించాక గుజ్జ చేత్తో సులువుగా బయటికి రావాలి. పట్టేస్తే సెంటర్ తప్పింది, వదులు చేసి మళ్లీ చేయండి. ఇక్కడ పది నిమిషాలు పోతే తర్వాత మూడు గంటలు మిగులుతాయి.

13. గేర్ బాక్స్ ఎక్కించడం. టెన్షన్ అంతా ఇక్కడే. రెండు పొడవైన బోల్టుల తలలు కోసేసి, బెల్ హౌసింగ్ కింది రంధ్రాల్లో దారి చూపే కడ్డీలుగా బిగించండి. బాక్స్ వాటి మీద జారుతూ నేరుగా వస్తుంది. బాక్స్‌ను ఏదో ఒక గేరులో వేసి, వెనక ఫ్లాంజ్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ ముందుకు నెట్టండి, పళ్లు కలిసిన చోట ఒక్కసారిగా లోపలికి వెళుతుంది.

ఒక సెంటీమీటర్ సందు మిగిలి ఆగిపోయిందనుకోండి. అక్కడ చాలామంది బోల్టులు పెట్టి బిగించి లాక్కుంటారు. అలా చేయకండి. షాఫ్ట్ ముక్కు స్పిగాట్ బేరింగ్‌లోకి దిగలేదన్నమాట. బలవంతం చేస్తే బేరింగ్ పగులుతుంది, ప్లేట్ మధ్య భాగం వంగుతుంది, ఒక్కోసారి హౌసింగ్ చెవి విరుగుతుంది. జాకీ కొంచెం పైకి కిందికి చేస్తూ ఇంజిన్ వాలు, బాక్స్ వాలు ఒకటి చేయండి. బాక్స్ హౌసింగ్ చుట్టూ సందు అన్ని వైపులా సమానంగా కనిపించాలి. చేత్తో నెడితేనే ఆనుకోవాలి. ఆనాకే బోల్టులు. రెండు నిమిషాలు కూడా బాక్స్‌ను షాఫ్ట్ మీద వేలాడనివ్వకండి.

14. అట్ట ముక్క చూసుకుంటూ బోల్టులు ఎక్కడివి అక్కడ బిగించండి. క్రాస్ మెంబర్, మౌంటింగ్, స్టార్టర్, స్లేవ్ సిలిండర్ లేదా క్లచ్ తీగ, స్పీడోమీటర్ తీగ, వైర్లు, గేర్ లివర్, షాఫ్ట్ గీతలు కలిపి, చివరగా బ్యాటరీ తీగ. ఆ తర్వాతే ఇంజిన్ కింది జాకీ తీయాలి. కింది ప్లగ్ బిగించి, గేర్ ఆయిల్ పక్క రంధ్రం నుంచి కారే దాకా నింపండి.

15. క్లచ్ ఆయిల్ లైన్ విప్పకపోయినా పాత ఆయిల్ మార్చేయడం మంచిది. స్లేవ్ సిలిండర్ మీద గాలి తీసే నిపుల్‌కు పారదర్శక పైపు తగిలించి, చివర ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, రెండోవాళ్లు నిపుల్ వదులు చేసి, మళ్లీ బిగించాలి, అప్పుడే పెడల్ వదలాలి. "తొక్కు", "పట్టు", "వదులు" అని గట్టిగా అరుస్తూ చేయండి. బుడగలు రావడం ఆగేదాకా. డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వొద్దు. పని అయ్యాక మట్టం ఉన్న చోట డబ్బా మీద పెన్నుతో గీత గీయండి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

ఫ్రీ ప్లే పుస్తకం ప్రకారం పెట్టండి. తీగతో లాగే క్లచ్‌లకు సాధారణంగా వేలితో నొక్కితే 15 నుంచి 20 ఎంఎం దాకా పెడల్ ఖాళీగా కదలాలి. ఖాళీ అసలు లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఫింగర్లకు తగులుతూ తిరుగుతుంది. ఆయిల్‌తో పని చేసే కొన్ని క్లచ్‌లు తమకు తామే సర్దుకుంటాయి, వాటిని కదపొద్దు.

బాగా అయిందో లేదో చూడటం

బండి కిందికి దించకముందే, ఇంజిన్ ఆపి, అన్ని గేర్లూ వేసి తీయండి. తర్వాత వెనక చక్రాలు నేల మీద పెట్టి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి రెండు నిమిషాలు వినండి. శబ్దం లేకపోతే క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగు లెక్కపెట్టి, రివర్స్ వేయండి. శబ్దం లేకుండా పడాలి. గర్రుమంటే ఎయిర్ మిగిలింది, లేదా ఫ్రీ ప్లే ఎక్కువైంది. ఆ రెండూ సరిగా ఉంటే ప్లేట్ తిరగేసి పెట్టారా, బాక్స్ వేలాడి ప్లేట్ వంగిందా అని ఆలోచించాలి.

తర్వాత ఖాళీ బండితో రోడ్డెక్కండి. నేను కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి మీదికి తీసుకెళ్తాను. సగం ఎత్తులో హ్యాండ్ బ్రేక్ వేసి ఆపి, మళ్లీ కదిలిస్తాను. ట్రాఫిక్ లేని పొద్దున పూట మాత్రమే ఇది చేయండి. వణక్కుండా, జారకుండా ఎక్కితే సరే. వణికితే ఎక్కడో జిడ్డు, లేదా ఫ్లైవీల్ ఫేసింగ్ వదిలేశారు. నాలుగో గేరులో 30 నుంచి ఒక్కసారిగా తొక్కితే ఇంజిన్ శబ్దం, బండి వేగం కలిసి పెరగాలి.

మొదటి 500 కిలోమీటర్లు తేలికగా నడపండి. కొత్త లైనింగ్ ఫ్లైవీల్‌కు పూర్తిగా ఆనడానికి ఆ మాత్రం సమయం కావాలి. ఇంతలో నిండు లోడు వేసుకుని ములుగు రోడ్డు మీద లాగిస్తే, లైనింగ్ మీద గాజులాంటి పొర పట్టి జీవితకాలం జారుతూనే ఉంటుంది. సీజన్ మధ్యలో క్లచ్ మార్చేవాళ్లకు ఇది కష్టం, నాకు తెలుసు. అందుకే సంక్రాంతికి ముందే ఈ పని పెట్టుకోమని అడిగిన ప్రతి ఒక్కరికీ చెబుతాను. ఆ తర్వాత డ్రైవర్‌కు రెండు మాటలు చెప్పండి: నడిచేటప్పుడు పాదం పెడల్ మీద ఆనించి ఉంచొద్దు, ఎత్తు మీద బండిని సగం క్లచ్‌తో నిలపొద్దు, హ్యాండ్ బ్రేక్ వేయాలి.

మీరు చేయకుండా మెకానిక్‌కే ఇస్తే, బాక్స్ దించే సమయానికి అక్కడ ఉండండి. ఫ్లైవీల్ మీరే చూడండి, స్పిగాట్ బేరింగ్ మార్చారా అని అడగండి, పాత సామాను మొత్తం తిరిగి తీసుకోండి.

500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బండి కిందికి చూడండి. బెల్ హౌసింగ్ అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర వేలు పెట్టి చూడండి, పొడిగా ఉండాలి. షాఫ్ట్ బోల్టులు, క్రాస్ మెంబర్ బోల్టులు మరోసారి బిగించండి. క్లచ్ ఆయిల్ డబ్బాలో మీరు గీసిన గీత దగ్గరే మట్టం ఉందా చూడండి. దిగి ఉంటే స్లేవ్ సిలిండర్ బూటు మడిచి, లోపల తడి ఉందేమో చూడండి.